బాలి హిందువుల మతాన్ని, గుర్తింపును పత్రిక, క్యాలెండరు, టీవీ, ఫోను ఎలా మలిచాయి? (చర్చ; ప్రతి అంకె పక్కన ఉన్నది రాసినవారి కలంపేరు)

1. తూర్పుగాలి

ఇండోనేషియాలోని బాలి ద్వీపపు స్థానిక ఛానెల్ బాలి టీవీ రోజుకు మూడుసార్లు, పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి, మిగతా కార్యక్రమాలన్నీ ఆపి ‘పూజ త్రిసంధ్య’ వేస్తుంది. గంట శబ్దం, గుడి గోపురాలు, తెల్లబట్టల్లో చేతులు జోడించిన మనిషి, వెనక సంస్కృత శ్లోకాలు. వింటుంటే మన ఇంట్లో పూజలాగే ఉంటుంది. మన యాత్రా వీడియోల్లో దీన్ని చూపించి “వేల ఏళ్లుగా మారని ఆచారం, టీవీ దాన్ని చూపిస్తోందంతే” అని చెప్పేస్తున్నారు. ఇది ఎంతవరకు నిజం? అక్కడి పత్రికలు, రేడియో, టీవీ మతాన్ని చూపించాయా, మార్చాయా? తెలిసినవారు పేర్లు, తేదీలతో రాయండి. “ప్రపంచీకరణ వల్ల సంస్కృతి పోతోంది” బాపతు మాటలు వద్దు.

2. గంటాస్తంభం

శ్లోకాలు పాతవి, కూర్పు కొత్తది. త్రిసంధ్యలో ఆరు శ్లోకాలున్నాయి. మొదటిది గాయత్రి. రెండోది ‘నారాయణ ఏవేదం సర్వం’. మూడోది ‘త్వం శివః త్వం మహాదేవః’. నాలుగోది తెలుగువాళ్లు ఆత్మప్రదక్షిణలో చెప్పుకునేదే: ‘పాపోఽహం పాపకర్మాహం పాపాత్మా పాపసంభవః’. మనం దాన్ని ‘త్రాహి మాం కృపయా దేవ శరణాగతవత్సల’ అని పూర్తిచేస్తాం, వాళ్లు ‘త్రాహి మాం పుండరీకాక్ష సబాహ్యాభ్యంతరః శుచిః’ అని పూర్తిచేస్తారు. ఐదు, ఆరు క్షమాపణలు: ‘క్షమస్వ మాం మహాదేవ’, ‘క్షంతవ్యః కాయికో దోషః’. చివర మూడు శాంతులు.

ఈ ఆరింటినీ ఒక వరసలో పెట్టి, రోజుకు మూడుపూటలా అందరూ చెప్పాలన్న నియమం వచ్చింది 1950 ప్రాంతంలో. భారతదేశం నుంచి వెళ్లి బాలిలో స్థిరపడిన నరేంద్ర దేవ్ పండిత్ శాస్త్రిది అందులో ముఖ్యపాత్ర. అప్పటి అవసరం అలాంటిది. ఇండోనేషియా మత మంత్రిత్వ శాఖ 1946లో ఏర్పడింది. ఒకే దేవుడు, ఒక గ్రంథం, ఒక ప్రవక్త ఉంటేనే అది మతమని ఆ శాఖ లెక్క. ఊరూరికీ వేరే గుడి, వేరే దేవత, వేరే తిథి ఉన్న బాలి ఆచారం ఆ చట్రంలో పట్టలేదు. 1958లో బాలి సంఘాలు అధ్యక్షుడు సుకర్ణోకు అర్జీ పెట్టుకున్నాయి. ఆ తర్వాతే మంత్రిత్వ శాఖలో హిందూ బాలి విభాగం వచ్చింది. 1959 ఫిబ్రవరి 23న హిందువుల ప్రతినిధి సంస్థ పరిషద పుట్టింది. సంఘ్యాంగ్ విధి వాస ఏకైక దేవుడు, వేదం గ్రంథం, త్రిసంధ్య నిత్య ప్రార్థన అయ్యాయి.

3. ప్రశ్నార్థకం

అయితే ఇది ప్రభుత్వమూ పరిషదా కలిసి చేసిన పని. 2002లో మొదలైన టీవీ ఛానెల్ పాత్ర ఇందులో ఏముంది? టపా తెచ్చినవాడే ఉత్తరం రాశాడన్నట్టుంది మీ వాదన.

4. గంటాస్తంభం

ప్రశ్నార్థకం గారూ, కాగితం మీద నియమం పెట్టడం వేరు, అది జనం నాలుక మీదికి ఎక్కడం వేరు. త్రిసంధ్యకు ముందు మంత్రం ఎవరి పని? పెదండ, అంటే బ్రాహ్మణ పురోహితుడి, పని. ఆయన తెల్లవారుజామున తన ఇంట్లో సూర్యసేవన చేసి తీర్థం తయారుచేస్తాడు. ఇంటి ఇల్లాలి పని నైవేద్యాలు అల్లి పెట్టడం. ఆమె నోటితో ఆరు శ్లోకాలు చెప్పాలని ఎవరూ అడగలేదు. చెయ్యి తిరిగిన పని చాలు.

బడిలో పాఠంగా, రేడియోలో, తర్వాత టీవీలో వచ్చాక ఈ ప్రార్థనకు మూడు గుణాలు అబ్బాయి. ఒకటి, గడియారపు సమయం. పొద్దు పొడవడం, వాలడం కాదు, ఆరు, పన్నెండు, ఆరు. రెండు, ఒకే రాగం. రికార్డు ఎలా పాడిందో పిల్లలూ అలాగే పాడతారు, ఎక్కడ ఊపిరి పీలిస్తే అక్కడే పీలుస్తారు. మూడు, బహిరంగత. ఇప్పుడు ఎన్నో బంజర్లలో, అంటే వాడల సభామంటపాల్లో, మైకు పెట్టి వేస్తున్నారు. జాతీయ ఛానెళ్లలో వేళకు అజాన్ వస్తుంది. దాని పక్కన మాదీ ఒకటి వినిపించాలన్న పట్టుదల ఇందులో ఉంది. అది తప్పని నేననను. ముస్లింలు అధికంగా ఉన్న దేశంలో ఒక చిన్న ద్వీపం తన ఉనికిని చాటుకునే తీరు అది.

టీవీ తెచ్చిన ఇంకో మార్పు ప్రవచనం. పెదండ కర్మ చేయించేవాడు, మంటపం ఎక్కి ఉపన్యసించేవాడు కాదు. గియాన్యార్ జిల్లా బ్లాబతుకు చెందిన ఇద పెదండ గెదె మడె గునుంగ్ (2016లో కన్నుమూశారు) బాలి టీవీ ‘ధర్మ వచన’తో ఇంటింటి మనిషి అయ్యారు. “ఈ నైవేద్యంలో ఈ ఆకు ఎందుకు?” అని జనం అడగడం, ఆయన నవ్విస్తూ చెప్పడం. దాంతో ప్రతి క్రియకూ ఒక అర్థం ఉండి తీరాలి, అది మాటల్లో చెప్పగలగాలి అన్న నమ్మకం బలపడింది. దీన్ని నేను చాలా పెద్ద మార్పుగా చూస్తాను.

5. పాతపత్రిక

టీవీ దగ్గర మొదలుపెడితే సగం కథ పోతుంది. అసలు గొడవ అచ్చుయంత్రంతో వచ్చింది, అదీ డచ్చివాళ్ల కాలంలో, ఉత్తర బాలిలోని సింగరాజలో.

1924లో ‘బాలి అద్ఞాన’ పత్రిక వచ్చింది. దాన్ని నడిపినవాడు ఇ గుస్తి చక్ర తనయ. పై మూడు వంశాల, అంటే త్రివంశ, పక్షం. 1925లో జబ, అంటే సామాన్యుల, పక్షాన ‘సూర్య కాంత’ మొదలైంది. బడి పంతుళ్లు, గుమాస్తాలు నడిపారు. 1927 దాకా వచ్చింది. వాదం ఒకటే: పుట్టుక గొప్పదా, చదువూ నడవడీ గొప్పవా? దానికి తోడు మతం పేరు మీద తగువు. ‘ఆగమ హిందూ బాలి’ అనాలని ఒకరు, ‘ఆగమ బాలి హిందూ’ అనాలని ఒకరు. ఒకరికి హిందూమతంలో బాలి శాఖ ముఖ్యం, ఇంకొకరికి బాలి ఆచారంలోని హిందూ అంశ ముఖ్యం. అంతకుముందు ఊళ్లో ఎవరికీ తమ మతానికి పేరు పెట్టుకోవాల్సిన పని పడలేదు. అచ్చులో రాయాలంటే శీర్షిక కావాలి, శీర్షికకు పేరు కావాలి.

రెండు పత్రికలూ మలయ్ భాషలోనే నడిచాయి. బాలి భాషలో ఎదుటివాడి వంశాన్ని బట్టి మాట స్థాయి మారుతుంది. పాఠకుడెవరో తెలియకుండా ఏ స్థాయిలో రాస్తారు? మలయ్‌లో ఆ చిక్కు లేదు. కానీ బాలి మతాన్ని గురించిన చర్చ మొదటినుంచీ బాలిలో కాక ఇంకో భాషలో జరగడం ఆలోచనలనే మార్చింది. ‘ఆగమ’, ‘ఆదత్’ అంటూ మతం ఒకవైపు, ఆచారం ఒకవైపు విడదీయడం ఆ భాషతోనే వచ్చింది.

6. వారనక్షత్రం

అందరూ పెద్ద పెద్ద మాధ్యమాల గురించి రాస్తున్నారు. బాలిలో రోజువారీ మతాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నడిపించేది గోడ క్యాలెండరు. ఇ కెతుత్ బంగ్‌బంగ్ గెదె రావి 1950లో మొదలుపెట్టిన ‘కలెందర్ బాలి’ ఇప్పటికీ ఆయన వారసుల చేతుల మీదుగా వస్తోంది. ఇల్లు, అంగడి, పోలీసు ఠాణా, ఎక్కడ చూసినా అదే. మన గోడ మీది పంచాంగం క్యాలెండరు తెలిసినవాళ్లకు అది చదవడం కష్టం కాదు.

పావుకోన్ చక్రం 210 రోజులు: 30 వుకులు, వుకుకు 7 రోజులు. వారాల పేర్లు చూడండి: రెదితె, సోమ, అంగ్గర, బుద, వ్రస్పతి, సుక్ర, సనిస్చర. వీటితో పాటు ఐదు రోజుల పంచవర నడుస్తుంది: ఉమనిస్, పాయింగ్, పోన్, వాగె, క్లివోన్. మూడు రోజుల త్రివర ఇంకొకటి. ఇవి ఎక్కడ కలిస్తే అక్కడ పండగ. బుధవారమూ క్లివోనూ దుంగులన్ వుకులో కలిస్తే గలుంగన్. పదిరోజులకు శనివారం క్లివోన్, కునింగన్. త్రివరలోని కజెంగ్, క్లివోన్‌తో కలిసేది 15 రోజులకోసారి. శనివారం క్లివోన్ వస్తే తుంపెక్, 35 రోజులకోసారి. తుంపెక్ లందెప్ నాడు కత్తులకూ, కార్లకూ, ఇప్పుడు ల్యాప్‌టాప్‌లకూ పూజ. మన ఆయుధపూజ లాంటిదే, కాకపోతే 210 రోజులకోసారి. క్యాలెండరు గడిలో పున్నమికి ఎర్ర చుక్క, అమావాస్యకు నల్ల చుక్క. కింద ఆ రోజు ఏ గుళ్లలో ఒదలన్ (గుడి పండగ), ఏ పనికి మంచిది, ఏ పనికి కాదు.

అచ్చు రాకముందు ‘తిక’ ఉండేది. చెక్క మీదో గుడ్డ మీదో ఏడు అడ్డవరసలు, ముప్ఫై నిలువువరసలు, అంకెలు కాదు గుర్తులే. దాన్నీ, వారిగ, అంటే ముహూర్త శాస్త్రపు, తాళపత్రాలనూ చదవగలిగేవాడి దగ్గరికి వెళ్లి ముహూర్తం అడిగేవారు. ఆయన మీ ఊరు, మీ వంశం, పని ఎంత తొందర, అన్నీ అడిగి చెప్పేవాడు. క్యాలెండరు ఏమీ అడగదు.

అక్కడే పొరపాటు జరుగుతుంది. చాలామంది ‘పెళ్లికి మంచిది’ అన్న వరస చూసి రోజు ఖాయం చేసేస్తారు, ఎక్కువగా ఆదివారం చూసుకుంటారు. కానీ వారిగలో బలాబలాల మెట్లున్నాయి: వెవరన్ (మూడు, ఐదు, ఏడు రోజుల వారాలు) వుకుకు లోబడుతుంది, వుకు తిథికి, తిథి ససిహ్‌కు అంటే మాసానికి, మాసం దౌహ్‌కు అంటే ఆనాటి ఘడియకు. వారం బాగుండి వుకు బాగోకపోతే ఆ మంచి చెల్లదు. వారిగ (ఆ పేరుతో ఒక వుకు కూడా ఉంది), పుజుత్ లాంటి వుకులు ‘రంగ్ద తిగ’లోకి వస్తాయి, వాటిలో పెళ్లి చెయ్యరు. ఘడియ సంగతి గోడ క్యాలెండరు గడిలో పూర్తిగా పట్టదు, ఫోన్ యాప్ మొదటి తెరలోనూ పట్టదు. యాప్ తెల్లారగానే “ఈరోజు శుభం” అని మోగుతుంది. ఆ శుభం ఎవరికి, ఏ పనికి అన్నది రెండో తెరలో ఉంటుంది. ఆ తెర తెరిచేవాళ్లు తక్కువ.

7. తూర్పుగాలి

వారనక్షత్రం గారూ, బాగా చెప్పారు. న్యేపి కూడా శకసంవత్సరాదే కదా, ఉగాదితో ఒక్కో ఏడాది కలుస్తుంది, ఒక్కో ఏడాది నెల తేడా వస్తుంది. ఎందుకు?

8. వారనక్షత్రం

తొమ్మిదో మాసపు అమావాస్య, అంటే తిలెం కసంగ, మర్నాడు న్యేపి. 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి. 2024లో న్యేపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న. 2025లో న్యేపి మార్చి 29, ఉగాది 30. 2026లో మళ్లీ రెండూ మార్చి 19, అక్కడా ఇక్కడా శకం 1948. తేడా అధికమాసంతో వస్తుంది. మనకు 2023లో అధిక శ్రావణం వచ్చింది. వాళ్లు అధికమాసాన్ని జ్యేష్ఠ, ఆషాఢాల దగ్గరే కలుపుతారు, అది 2024లో పడింది. అంతే.

9. పాతపత్రిక

ఇక ‘బాలి పోస్ట్’. 1948 ఆగస్టు 16న కెతుత్ నాధా పెట్టిన పత్రిక, మొదటి పేరు ‘సువార ఇండోనేషియా’. మతం విషయంలో దాని బలం తేటతెల్లమైంది 1993–94లో. సముద్రపు రాతి మీదున్న తానా లోత్ గుడి దగ్గర గోల్ఫ్ మైదానంతో ఒక భారీ రిసార్ట్ తలపెట్టారు. సైనిక పాలకుడు సుహార్తో కాలం, వీధికెక్కితే ఊరుకోరు. పత్రిక పాఠకుల ఉత్తరాలు వరసపెట్టి వేసింది. ఆ ఉత్తరాల్లో జనం “పర్యాటకం వద్దు” అనలేదు, “గుడి పవిత్రత పోతుంది” అన్నారు. రాజకీయంగా అనలేని మాటను మతం మాటగా అన్నారు.

దాంతో పరిషద తేల్చిచెప్పక తప్పలేదు. 1994 జనవరి 25న ‘భీషమ’, అంటే మతపరమైన తీర్పు, ఇచ్చింది: సద్ కహ్యంగన్ (ద్వీపమంతటికీ చెందిన ప్రధాన గుళ్లు) స్థాయి గుళ్ల చుట్టూ కనీసం 5 కిలోమీటర్లు, దంగ్ కహ్యంగన్ (పూర్వ గురువుల పేర వెలసిన గుళ్లు)కు 2 కిలోమీటర్లు, ఊరి మూడు గుళ్లకు రాయి విసిరితే పడేంత దూరం. అంతకుముందు పవిత్రతకు కొలబద్ద ఉండేది కాదు. ‘చూపు ఆనేంత దూరం’ లాంటి పాత మాటలే ఉండేవి. వాటి పక్కన కిలోమీటర్లు వచ్చి చేరాయి. రిసార్ట్ కొన్ని మార్పులతో కట్టనే కట్టారు. కానీ ఆ దూరాలు 2009 నాటి రాష్ట్ర భూవినియోగ చట్టంలోకి ఎక్కాయి, నేటికీ ప్రతి హోటలు తగువులో వాటినే ఎత్తి చూపుతారు. పత్రికలో ఉత్తరాలుగా మొదలైంది చట్టమైంది.

రెండో ఘట్టం ‘అజెగ్ బాలి’, అంటే నిటారుగా, చెక్కుచెదరక నిలిచే బాలి. 2002 మే 26న బాలి టీవీ ప్రారంభమైనప్పుడు గవర్నర్ దేవా మడె బరాథా నోట ఆ నినాదం వచ్చింది. నాధా కొడుకు సత్రియా నారధా నడిపే బాలి పోస్ట్ సంస్థదే ఆ ఛానెలూ. ఐదు నెలలు తిరక్కుండా, అక్టోబర్ 12న, కూటలో బాంబులు పేలి 202 మంది చనిపోయారు. అప్పటిదాకా ఛానెల్ ప్రచారవాక్యంలా ఉన్నది ద్వీపమంతటికీ ఊతపదమైంది. 

10. ప్రశ్నార్థకం

ఆ నినాదానికి ఇంకో ముఖం ఉంది, దాన్నీ రాయాలి. నిలబడాలి సరే, ఎవరికి ఎదురుగా? జావా నుంచి వచ్చి తోపుడుబళ్ల మీద మాంసపు ఉండల పులుసు, బక్సొ, అమ్ముకునేవాళ్లకు ఎదురుగానా? బాలి పోస్ట్ సంస్థ అండతోనే క్రమ బాలి సహకార సంఘం పుట్టి, బాలివాళ్లే నడిపే ‘బక్సొ క్రమ బాలి’ బళ్లు పెట్టించింది. పందిమాంసంతో. కొనేవాడి మతం ఏమిటో ఆ గిన్నెలోనే తెలిసిపోయేలా. సాంప్రదాయ కాపలాదార్లు పెచలంగ్‌లూ అంతే. 1998లో సనూర్‌లో ప్రతిపక్ష నేత మేగావతి పార్టీ మహాసభకు కాపలా కాసి నలుపుతెలుపు గళ్ల గుడ్డతో పత్రికల్లో పడ్డారు. ఆ తర్వాత ఊరూరా దళాలు, వలసదారుల గుర్తింపు కార్డుల తనిఖీలు.

ఆర్థికంగా బాలివాళ్లు వెనకబడుతున్నారన్న బాధ నిజమే. భూమి పోతోంది, హోటళ్లు బయటివాళ్లవి. కానీ ఆ హోటళ్ల మీద పడాల్సిన కోపం బక్సొ బండి మీద పడింది. అదే ఛానెల్‌కు భూములమ్మే సంస్థలు ప్రకటనలివ్వగలవు, తోపుడుబండివాడు ఇవ్వలేడు. 

11. గంటాస్తంభం

ఆ విమర్శతో ఏకీభవిస్తాను. అయితే అదే ఛానెల్, అదే రేడియో చేసిన ఒక మంచి పని ఎవరూ చెప్పడం లేదు: ఫోన్‌లో పద్యం.

ప్రభుత్వ రేడియో ఆర్‌ఆర్‌ఐ దెన్‌పసార్‌లో ‘దగంగ్ గంతల్’, బాలి టీవీలో ‘కిడుంగ్ ఇంతరాక్తిఫ్’. శ్రోత ఫోన్ చేసి ఒక పాదం పాడతారు. స్టూడియోలో ఉన్నవారో, ఇంకో ఊరి నుంచి లైన్లో ఉన్న ఇంకో శ్రోతో దానికి బాలిలో అర్థం చెబుతారు. ఇది తాళపత్రం చుట్టూ కూర్చుని చేసే పాత పద్ధతే, చదివేవారు ఒకరు, వివరించేవారు ఒకరు. ఊరి మంటపం స్థానంలో టెలిఫోన్ తీగ వచ్చింది. ఇంట్లో రేడియో తగ్గించకుండా ఫోన్ చేస్తే గొంతు తిరిగొచ్చి కీచుమంటుంది, సగం పాదం పోతుంది. అందుకే వ్యాఖ్యాత ముందు రేడియో తగ్గించమనే అంటారు.

ఛందస్సు మన పాఠకులకు నచ్చుతుంది. పుపుహ్ రకంలో ప్రతి పాదానికీ అక్షరాల లెక్కా, చివరి అచ్చూ ఖాయం. పుచుంగ్ తీసుకోండి: 4 అక్షరాలు చివర ‘ఉ’, 8 చివర ‘ఉ’, 6 చివర ‘అ’, 8 చివర ‘ఇ’, 4 చివర ‘ఉ’, 8 చివర ‘అ’. ఎవరైనా తప్పితే వెంటనే దొరికిపోతారు. కకవిన్‌లో, అంటే పాత జావా కావ్యంలో, గురులఘువులే, శార్దూలవిక్రీడితం కూడా ఉంది, అదే పందొమ్మిది అక్షరాలు, కాకపోతే మన ప్రాస నియమం లేదు. ఈ కార్యక్రమాల వల్ల ఎక్కువగా బయటికొచ్చినవాళ్లు ఆడవాళ్లు, వంశం చెప్పుకోని మామూలు మనుషులు. ఒకప్పుడు బ్రాహ్మణ గృహాలకు, రాజగృహాలకు చెందిందనుకున్న విద్య. ఫోన్‌లో వంశం కనిపించదు కదా.

భాష సంగతి మాత్రం చిక్కే. బాలి టీవీ వార్తలు ‘ఒర్తి బాలి’ గౌరవ స్థాయి బాలిలో చదువుతారు, ప్రేక్షకుల్లో పెద్దవంశాలూ ఉంటాయి కాబట్టి తగ్గించలేరు. పిల్లలకు అది సగం పరాయి భాష. వాళ్లు ఇంట్లో మాట్లాడే మామూలు బాలి హాస్యనాటకాల్లోనూ, 2003 నుంచి లొలోత్ బ్యాండు రాక్ పాటల్లోనూ వినిపిస్తుంది. గౌరవ భాష మతానిది, మామూలు భాష నవ్వులదీ పాటలదీ. ఈ పంపకం మాధ్యమాలు చేసిందే.

తోలుబొమ్మలాటలో అలా కాదు. పాండవులు ‘కవి’ అనే పాత జావా భాషలో మాట్లాడతారు, పక్కనే ఉన్న సేవకులు త్వాలెన్, మెర్దహ్ దాన్ని బాలిలోకి మార్చి, వేళాకోళమాడి, ఊరి సంగతికి ముడిపెడతారు. 2014లో జాతీయ ఛానెల్ ఏఎన్‌టీవీ హిందీ మహాభారతం ధారావాహిక ఇండోనేషియన్‌లోకి మార్చి వేసింది, విపరీతంగా చూశారు. అందులో అర్జునుడున్నాడు, త్వాలెన్ లేడు. కథ అదే, వివరించే సేవకుడు మాయం.

12. అక్షరశిల్పి

లిపి గురించి నేను రాస్తాను. బాలి లిపి పల్లవ సంతతి, మన లిపికి దాయాది. కింద వత్తు పెట్టడం (గంతుంగన్), హలంతానికి గుర్తు (అదెగ్-అదెగ్), మాటల మధ్య ఖాళీ లేకపోవడం. 2018లో గవర్నర్ వాయన్ కొస్తెర్ తెచ్చిన 80వ నంబరు ఉత్తర్వుతో ఆఫీసులు, గుళ్లు, హోటళ్లు, విమానాశ్రయం బోర్డుల మీద లాటిన్ అక్షరాలకు పైన బాలి లిపి ఉండాలి. ఒక్క ఏడాదిలో ద్వీపం మొహం మారిపోయింది. నాకిది సంతోషమే. కానీ బోర్డుల్లో తప్పులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తప్పులెలా వస్తాయంటే:

బోర్డు రాసేవాడు లాటిన్ పేరును మార్పిడి యాప్‌లో వేస్తాడు. లాటిన్ ‘e’ అక్షరాన్ని బాలిలో రెండు వేర్వేరు అచ్చులకు వాడతారు: తాలింగ్, పెపెత్. తాలింగ్‌కు ‘e’ మీద పెట్టాల్సిన గీత ఎవరూ పెట్టరు. యాప్ ఒకటి ఊహించుకుంటుంది, సగం సార్లు తప్పు. రెండోది, ధర్మ, భటార లాంటి సంస్కృత పదాలకు తాళపత్రాల్లో ధ, భ లాంటి మహాప్రాణాలే రాస్తారు, దాన్ని ‘పసంగ్ పగెహ్’ అంటారు. ఇండోనేషియన్ వర్తనిలో అది ‘దర్మ’ అయిపోయింది. యాప్ ‘దర్మ’ అనే రాస్తుంది. గుడి పేరే తప్పుగా చెక్కేస్తారు. మందు ఒక్కటే: పేరును ముందు తాళపత్ర వర్తనిలో, తాలింగ్ గీతతో సహా లాటిన్‌లో రాసి, అప్పుడు మార్చాలి. తర్వాత లిపి చదవగల మనిషి చేత చదివించాలి.

ఇంకో తలనొప్పి ఫాంట్లు. బాలి లిపి యూనికోడ్‌లోకి వచ్చింది 2006లో. అప్పటికే ‘బాలి సింబర్’ ఫాంట్‌తో పాఠ్యపుస్తకాలు వచ్చేశాయి. అది లాటిన్ అక్షరాలకు బాలి బొమ్మ తొడిగే ఫాంట్. మన అను ఫాంట్ల బాధ తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు: తెర మీద బాగుంటుంది, కాపీ చేస్తే పిచ్చి లాటిన్ అక్షరాలు, వెతికితే దొరకదు. ఇప్పుడు నోటో బాలినీస్ లాంటి యూనికోడ్ ఫాంట్లున్నాయి.  పాత పుస్తకాల్ని మార్చేటప్పుడు జాగ్రత్త: సింబర్‌లో కంటికి కనపడే వరసలో టైపు చేస్తారు, తాలింగ్ హల్లుకు ముందు వస్తుంది. యూనికోడ్‌లో పలికే వరస, హల్లు ముందు, గుర్తు తర్వాత. ఆ వరస తిప్పకపోతే ప్రతి తాలింగూ పక్క అక్షరానికి అతుక్కుంటుంది.

13. పాతపత్రిక

న్యేపి రోజున మాధ్యమాన్నే ఆపేస్తారు, దాన్ని వదలకూడదు. పొద్దున ఆరింటి నుంచి మర్నాడు పొద్దున ఆరింటి దాకా నాలుగు వ్రతాలు: నిప్పు లేదు, పని లేదు, ప్రయాణం లేదు, వినోదం లేదు. విమానాశ్రయం మూసేస్తారు, స్థానిక రేడియో, టీవీ ప్రసారాలు ఆగుతాయి. 2018 మార్చి 17 నుంచి మొబైల్ డేటా కూడా. మామూలు కాల్స్, సందేశాలు పనిచేస్తాయి, ఆస్పత్రులకూ భద్రతా విభాగాలకూ మినహాయింపు. పాత డిష్ యాంటెనా ఉన్నవాళ్లకు మాత్రం జకర్తా ఛానెళ్లు నేరుగా ఉపగ్రహం నుంచి వస్తాయి, వాటిని బాలిలో కూర్చుని ఆపలేరు.

ముందురోజు రాత్రి ఒగోహ్-ఒగోహ్ భూతాల ఊరేగింపు దీనికి పూర్తి విరుద్ధం. అది 1980ల్లో ద్వీపమంతా వ్యాపించింది. యువక సంఘాలు చేస్తాయి. దెన్‌పసార్‌లోని తాయిన్‌సియాత్ బంజర్ బొమ్మలు యంత్రాలతో కదులుతాయి, వాటి వీడియోలు నెలల ముందునుంచే తిరుగుతాయి. వీడియోలో గొప్పగా కనిపించాలని ఎత్తు పెంచుతారు, ఇరుకు సందుల్లో కరెంటు తీగలకు తగులుతాయి, వెదురుగడలు పట్టుకుని ముందు నడిచేవాళ్ల పనే తీగలెత్తడం. ఊరేగించాక కాల్చాల్సిన బొమ్మ, పేరు రావడంతో కాల్చకుండా దాచడమో అమ్మడమో జరుగుతోంది. స్టైరోఫోమ్ మీద ఆంక్షలొచ్చాక వెదురు అల్లిక మళ్లీ తిరిగొచ్చింది, అదొక్కటి మంచి.

14. ప్రశ్నార్థకం

సామాజిక మాధ్యమాల్లో అసలు పోరు ఇప్పుడు “ఏది బాలిది, ఏది ఇండియాది” అన్నదాని మీద. హరేకృష్ణ సంకీర్తనల వీడియోలు ఫేస్‌బుక్‌లో తిరిగి, పెద్ద దుమారమై, 2020 డిసెంబర్ 16న బాలి పరిషద, ఆదత్ మండలి కలిసి ‘బాలి ద్రెస్తకు చెందని సంప్రదాయాల’ మీద ఆంక్షలు పెట్టాయి. ద్రెస్త అంటే ఊరి వాడుక. త్రిసంధ్య కూర్పులో భారతీయ పండితుడి చెయ్యి ఉందని గంటాస్తంభం గారు పైన రాశారు. దాన్ని పెద్దగా ఎవరూ పరాయిది అనడం లేదు. డెబ్భై ఏళ్లు రేడియోలో, బడిలో వినబడింది కాబట్టి సొంతమైంది. కొత్తగా వచ్చింది ఫోన్‌లో గొడవగా వచ్చింది కాబట్టి పరాయిదైంది. నా అభ్యంతరం ఇదే: ఊరి వాడుకను కాపాడతామంటూ ద్వీపమంతటికీ ఒకే వాడుకను ఖాయం చేస్తున్నారు. ‘దేశ, కాల, పాత్ర’ అన్న పాత సూత్రం ప్రకారం ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి కావాలి.

15. గంటాస్తంభం

రెజంగ్ రెంతెంగ్ నాట్యం అందుకు మంచి ఉదాహరణ. నుసా పెనిద ద్వీపంలోని సరెన్ ఊరి గుడి నాట్యం. ఇప్పుడు బాలి అంతటా తెల్ల కెబాయ, పసుపు కట్టుతో ఆడవాళ్లు ఒకే అడుగు వేస్తున్నారు, యూట్యూబ్ చూసి నేర్చుకుని. భక్తితోనే చేస్తున్నారు, అనుమానం లేదు. కానీ తమ ఊరి సొంత రెజంగ్ ఉన్నచోట కూడా ఇదే వచ్చి కూర్చుంటోంది. పవిత్ర నాట్యాలను రికార్డుల కోసం, వేదికల కోసం ఆడటం ఎక్కువై 2019లో ప్రభుత్వమూ, మత, ఆదత్ సంస్థలూ కలిసి ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది.

దీనికి ఆచరణలో చేయగలిగింది ఒకటుంది. వీడియో తీసేటప్పుడు ఊరి పేరు, గుడి పేరు, ఏ ఒదలన్, ఏ వుకు, ఎవరు ఆడవచ్చు (పెళ్లికాని పిల్లలా, పెళ్లైనవారా), ఏ నైవేద్యం ముందు పెట్టాలి, ఇవన్నీ మొదట చెప్పడం. అడుగులు మాత్రమే తీస్తే అది ఎక్కడికైనా పోతుంది.

16. తూర్పుగాలి

చివరిగా ఒకటి. కరోనా కాలంలో గుడి పూజలు ఫోన్‌లో ప్రసారం చేశారు కదా. దాన్ని మతపెద్దలు ఒప్పుకున్నారా?

17. వారనక్షత్రం

దూరం నుంచి మొక్కడం అక్కడ ఎప్పటినుంచో ఉంది, ‘ఙయత్’ అంటారు. ద్వీపంలోని ప్రధాన గుడి బెసాకిహ్ వెళ్లలేనివాళ్లు తమ ఊళ్లోని పెన్యావంగన్ మంటపం నుంచి అటు తిరిగి మొక్కుతారు. అందుకని తెర ముందు మొక్కడానికి పెద్దగా అడ్డు రాలేదు. ఐదు మొక్కులూ అలాగే జరుగుతాయి: మొదట ఒట్టి చేతులు, రెండోది సూర్యుడికి తెల్ల పువ్వు, మూడు ఇష్టదేవతకు, నాలుగు అనుగ్రహానికి క్వంగెన్ (ఆకులో పూలు చుట్టిన చిన్న నైవేద్యం)తో, ఐదు మళ్లీ ఒట్టి చేతులు.

తెరలో రానిది తీర్థం. బాలి మతాన్ని ఒకప్పుడు ‘ఆగమ తీర్థ’ అనేవారు. నెత్తిన మూడుసార్లు చల్లాలి, మూడుసార్లు తాగాలి, మూడుసార్లు మొహం తుడుచుకోవాలి. తర్వాత నుదుటన తడిబియ్యపు బీజ, విరగని గింజలే, మన అక్షతల్లాగా. దానికోసం బంజర్ నుంచి ఒకరో ఇద్దరో గుడికి వెళ్లి సీసాల్లో తెచ్చి ఇంటింటికీ పంచారు. సీసా నేల మీద పెట్టరు, నడుము కన్నా కిందికి దించరు, ఏ గుడి తీర్థమో మీద రాస్తారు, రెండు గుళ్లవి కలపకుండా. ప్రసారం ఆరింటికి మొదలైతే సీసా ఐదింటికే ఇంటికి చేరాల్సి ఉండేది. అది ఆలస్యమైన ఇళ్లలో తెర ముందు మొక్కు అయిపోయాక కూడా లేవకుండా కూర్చుని తీర్థం కోసం ఎదురుచూసేవారు, అది పడేదాకా పూజ అయినట్టు కాదు.